బొగ్గు పనిలో దెబ్బ తగిలితే: విశాఖ పోర్టు కార్మికులూ వాళ్ల ఇళ్లవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఓడ హ్యాచ్‌లో (సరుకు నింపే గదిలో), కన్వేయర్ బెల్టు దగ్గర, యార్డులో, రైల్వే సైడింగ్‌లో, బార్జీ మీద బొగ్గు పని చేసేవాళ్ల ఇళ్ల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. జ్ఞానాపురంలో అడిగినదే మల్కాపురంలోనూ, గాజువాకలోనూ అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాం. ఏ ప్రశ్న మీది అయితే దానికే వెళ్లి చదువుకోవచ్చు.

## పనిలోకి దిగే ముందు

నాకు అపాయింట్‌మెంట్ కాగితం ఏమీ లేదు. మేస్త్రి ఫోన్ చేస్తే వెళ్తాను. దెబ్బ తగిలితే నాకు హక్కు ఉంటుందా?

ఉంటుంది. 1923 నాటి పరిహార చట్టంలో క్యాజువల్ కూలీలను వదిలేసే నిబంధన ఒకటి ఉండేది. 2000 సంవత్సరంలో చేసిన సవరణతో అది పోయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం లెక్కకట్టే పద్ధతి అందులోనూ దాదాపు అదే.

హక్కు ఉండడం ఒకటి, ఆ రోజు మీరు అక్కడ పనిలో ఉన్నారని చూపించడం ఇంకొకటి. గేట్ పాస్‌ని రెండు వైపులా ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపండి. కూలి చేతికి కాకుండా ఫోన్‌పేలో వేయమని మేస్త్రిని అడగండి, అదే సాక్ష్యం అవుతుంది. మీ ముఠాలో ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు మీ భార్యకో అమ్మకో తెలిసి ఉండాలి. చాలా ఇళ్లలో ప్రమాదం జరిగాక మనిషి ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడో కూడా ఎవరికీ తెలియదు.

హ్యాచ్‌లోకి దిగుతుండగానే కళ్లు తిరిగి పడిపోతారట. బొగ్గులో విషం ఉంటుందా?

బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది. సముద్రం మీద వారాల తరబడి మూసి ఉన్న హోల్డులో, అంటే ఆ సరుకు గదిలో, ఈ పని నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, కొన్ని రకాల బొగ్గు నుంచి మీథేన్ కూడా వస్తుంది. ఈ మూడింటిలో దేనికీ వాసన లేదు, రంగు లేదు.

పెద్ద మూతలు తీసి ఉన్నాయి కదా, గాలి ఆడుతుంది కదా అనుకుంటారు. ప్రమాదం ఎక్కువగా ఉండేది నిచ్చెన దిగే ఇరుకు దారిలో. చుట్టూ ఇనుప గోడ, పైన చిన్న మూత, అడుగున బొగ్గు దారిని మూసేసి ఉంటుంది. హోల్డు పైభాగంలో గాలి బాగున్నా ఆ గొట్టంలో నిలిచిపోయిన గాలి మారదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. 10 శాతం దగ్గర మనిషి స్పృహ తప్పుతాడు. ఇంకా తగ్గితే రెండు మూడు మెట్లు దిగేలోపే చేతులు పట్టు వదిలేస్తాయి. పైకి రావాలన్న ఆలోచన కూడా రాదు.

కాబట్టి దిగేముందు గ్యాస్ మీటరు తాడుకి కట్టి నిచ్చెన దారి అడుగు దాకా దించి చూడాలి. ఆ అంకెను మీ కళ్లతో చూపించమని అడగండి. పైన ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. ముక్కుకి కట్టే ఏ మాస్కూ ఇక్కడ పనికిరాదు, అది దుమ్మును ఆపుతుందే తప్ప లేని ఆక్సిజన్‌ని తెచ్చిపెట్టదు.

కింద మనిషి పడిపోయి కనిపిస్తే దిగకండి. ఇది రాయడానికి కష్టంగా ఉంది, పడినవాడు తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు. కానీ ఇలాంటి చోట్ల రెండో ప్రాణం, మూడో ప్రాణం పోయేది కాపాడబోయి దిగినవాళ్లవే. కేక వేయండి, ఓడ సిబ్బందిని పిలవండి. వీపున గాలి సిలిండరు, ఒంటికి తాడు ఉన్నవాళ్లే దిగాలి.

బెల్టు తిరుగుతుండగానే కింద రాలిన బొగ్గు తీయమంటారు. జాగ్రత్తగా చేస్తే పరవాలేదా?

పరవాలేదు అనడానికి లేదు. బెల్టు సెకనుకు రెండు మూడు మీటర్లు పోతుంది. బెల్టు, పుల్లీ కలిసే మూల ఉంది చూశారా, అక్కడ పార అంచు తగిలితే పారతో పాటు చెయ్యీ పోతుంది. వదిలేద్దామని మనసుకి తోచేలోపే మోచేయి దాకా లోపల ఉంటుంది. మెడలో వేలాడే తువ్వాలు, వదులు చొక్కా చేతులు, చేతి తొడుగు చివర్లు, ఆడవాళ్ల చున్నీ అన్నీ ఆ మూలకి దారి చూపించేవే.

బెల్టు ఆపితే చాలదు. కంట్రోల్ రూములో ఉన్నవాడికి మీరు కనపడరు, మళ్లీ స్టార్ట్ చేస్తాడు. కరెంటు తీసి, స్విచ్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి కింద పనిచేసే మనిషి జేబులో ఉండాలి. బెల్టు పక్కన పొడవునా ఉండే పుల్ కార్డు తాడు లాగితే ఆగుతుందో లేదో షిఫ్టు మొదట్లోనే చూడండి. చాలాచోట్ల ఆ తాడు వదులైపోయి ఉంటుంది, లేదా దానిమీద బొగ్గు పేరుకుపోయి ఉంటుంది.

బొగ్గు గుట్ట పక్కన నీడ పట్టున కూర్చుంటే ప్రమాదమా?

ప్రమాదమే. లోడరు అడుగు నుంచి తవ్వుతూ పోతే గుట్ట పైభాగం నిట్టనిలువుగా నిలబడిపోతుంది. వాన పడ్డాకో, లారీ అదురుకో ఒక్కసారిగా జారుతుంది. పైగా డంపరు, లోడరు వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకి కూర్చున్న మనిషి కనపడడు. గుట్ట నుంచి పొగో, కిరసనాయిలు లాంటి వాసనో వస్తుంటే లోపల బొగ్గు దానంతట అదే రగులుతోందని అర్థం. దానిమీదికి ఎక్కకండి, కాలు లోపలికి దిగబడుతుంది.

కాకినాడలో బార్జీ పనికి పిలుస్తున్నారు. అక్కడ దేన్ని చూసుకోవాలి?

కాకినాడ యాంకరేజ్‌లో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, సరుకంతా బార్జీల మీదే అటూ ఇటూ పోతుంది. బార్జీ, ఓడ రెండూ అలకి వేర్వేరుగా లేస్తాయి. ఆ రెండింటి మధ్య కాలు పెట్టే ఆ ఒక్క క్షణమే అన్నిటికంటే ప్రమాదం. లైఫ్ జాకెట్ ఒంటిమీద లేకుండా దాటకండి, చేతిలో సంచితో దాటకండి. అంచు మీద బొగ్గు పొడి తడిస్తే పాచి కంటే జారుతుంది. సరుకు ఎత్తే ఇనుప గ్రాబ్ తిరిగే వలయంలో, బిగిసిన తాడు పక్కన నిలబడకండి, ఆ తాడు తెగితే కాళ్లు విరిచేస్తుంది. ప్రమాదం కాకినాడలో జరిగినా మీ ఇల్లు విశాఖలో ఉంటే పరిహారం కేసు విశాఖలోనే వేసుకోవచ్చు.

## దెబ్బ తగిలిన రోజు

ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలి?

యంత్రం ఆపించండి. బెల్టులో ఇరుక్కున్న చేతిని వెనక్కి తిప్పి లాగాలని చూడకండి, కరెంటు తీసి బెల్టు వదులు చేయించాలి. రక్తం కారేచోట శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టుకోండి. 108కి ఫోన్ చేసేటప్పుడు బెర్త్ నంబరు, ఏ గేటు అనేది చెప్పండి, గేటు దగ్గరికి ఒక మనిషిని పంపండి. పోర్టు లోపల దారి తెలియక అంబులెన్సు తిరుగుతూ ఉండిపోతుంది.

వేలు తెగిపోతే పారేయకండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐస్ మధ్య పెట్టండి. ఐస్ నేరుగా వేలికి తగలకూడదు. కంట్లో బొగ్గు పడితే నలపకుండా నీళ్లతో కడుగుతూ ఉండండి.

"ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడని చెప్పండి, ఖర్చంతా మేమే పెట్టుకుంటాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఎలా జరిగిందని. మీరు చెప్పింది ఆయన రెండు లైన్లలో రాస్తాడు. ఎన్నేళ్ల తర్వాత కేసు నడిచినా అందరూ తిరగేసేది ఆ రెండు లైన్లనే. "ఇంటి దగ్గర పడ్డాడు" అని ఉంటే బీమా కంపెనీ లాయరు ఆ కాగితం ఒక్కటే పట్టుకుని నిలబడతాడు. తర్వాత నలుగురు సాక్షుల్ని తెచ్చినా దాన్ని చెరపడం చాలా కష్టం. ఖర్చు పెడతామన్న మాట మొదటి ఆపరేషన్ దాకా నిలుస్తుంది, ఆరో నెల దాకా నిలవడం అరుదు.

చెప్పవలసింది ఇంతే: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ బెర్త్ దగ్గర, ఏ కాంట్రాక్టరు పనిలో, దేని వల్ల. డాక్టరు రాసింది చదివి వినిపించమని అడగండి. మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకి తెలియజేసే కేసుగా) నమోదు చేయమనండి, దాని నంబరు రాసుకోండి. దెబ్బ తగిలినవాడికి స్పృహ లేకపోతే వెంట వచ్చిన తోటి కళాసీయే ఈ మాట చెప్పాలి. కాంట్రాక్టరు మనిషి ఒక్కడినే అంబులెన్సు ఎక్కనివ్వకండి.

ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి?

ప్రాణం మీదకి వస్తే దగ్గరున్న దానికే. పెద్ద దెబ్బలకి కేజీహెచ్‌లో రాత్రీ పగలూ క్యాజువాలిటీ ఉంటుంది. ఈఎస్‌ఐ (జీతంలో కోత పెట్టి నడిపే కార్మికుల బీమా) కార్డు ఉంటే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ముందు వేరేచోట చేరినా ఈఎస్‌ఐ హక్కు పోదు, వీలైనంత త్వరగా వాళ్లకి తెలియజేయాలి. ప్రైవేటులో చేర్చితే ప్రతి బిల్లు, ప్రతి మందుల చీటీ, ఎక్స్‌రే ఫిల్మ్‌తో సహా దాచండి. ఈఎస్‌ఐ లేనివాళ్లకి వైద్యానికి నిజంగా అయిన ఖర్చు యజమానే భరించాలని చట్టంలో ఉంది.

పోలీసు కేసు పెట్టాలా? పెడితే పని పోతుందేమో.

పరిహారం కోసం ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి కాదు. అయినా ప్రాణం పోయినా, చెయ్యో కాలో పోయినా పెట్టడమే మంచిది. పోలీసులు వస్తే స్థలం పంచనామా రాస్తారు, సాక్షుల మాటలు తీసుకుంటారు, సీసీ కెమెరా రికార్డు అడుగుతారు. ఆ రికార్డు పాతదాని మీద కొత్తది పడి చెరిగిపోతుంది, ఆలస్యం చేస్తే దొరకదు. స్టేషన్ హద్దు మాది కాదని తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి.

## మంచాన ఉన్న రోజులు

పనికి వెళ్లలేని రోజులకి డబ్బు వస్తుందా?

మీ జీతంలో ఈఎస్‌ఐ కోస్తున్నారా అన్నది మొదట చూడండి. జీతం నెలకి ₹21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ ఉంటే, పనిలో తగిలిన దెబ్బకి సగటు దినకూలిలో 90 శాతం వస్తుంది, డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినంత కాలం. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వస్తుంది. దీనికి యజమాని ప్రమాదం రిపోర్టు పంపాలి. పంపకపోతే మీరే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రాసి ఇవ్వండి.

ఈఎస్‌ఐ లేకపోతే సామాజిక భద్రతా కోడ్‌లోని పరిహార నిబంధనలు వర్తిస్తాయి. ప్రతి పదిహేను రోజులకీ నెల జీతంలో 25 శాతం, అంటే నెలకి సగం జీతం, గరిష్ఠంగా ఐదేళ్ల దాకా. లెక్కకి తీసుకునే జీతం 2020 జనవరిలో నిర్ణయించిన ₹15,000 మించదు. రెండూ ఒకేసారి రావు, ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు అదే దెబ్బకి పరిహారం కేసు వేయలేరు.

ఈఎస్‌ఐ అని కోశారు కానీ కట్టలేదట. ఇప్పుడు నేనేం కావాలి?

మీకు రావలసింది ఆగకూడదు. కట్టని యజమాని నుంచి ఈఎస్‌ఐ సంస్థ వసూలు చేసుకుంటుంది. కోత కనిపించే జీతం చీటీ, లేదా తోటివాళ్ల ఈఎస్‌ఐ నంబర్లు పట్టుకుని బ్రాంచి ఆఫీసుకి వెళ్లండి.

ఆసుపత్రిలోనే తెల్ల కాగితం మీద సంతకం అడుగుతున్నారు. కొంత డబ్బు కూడా ఇస్తామంటున్నారు.

సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే భయపడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. ఎంతకో ఒప్పుకున్నామన్నా అది అధికారి దగ్గర నమోదు కావాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన నమోదు చేయకుండా ఆపవచ్చు. ఇచ్చిన డబ్బు తీసుకుంటే దేనికోసం ఇచ్చారో రాయించుకోండి: వైద్యానికా, పరిహారంలో భాగంగానా.

## పరిహారం లెక్క

బొటనవేలు పోయింది. ఎంత రావాలి?

లెక్క మీరే వేసుకోవచ్చు. శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం అయితే నెల జీతంలో 60 శాతాన్ని వయసుని బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. ఆ గుణకం 30 ఏళ్లకి 207.98, 40 ఏళ్లకి 184.17, 50 ఏళ్లకి 153.09.

40 ఏళ్ల మనిషి, జీతం ₹15,000 లేదా అంతకంటే ఎక్కువ అనుకుందాం. 9,000ని 184.17తో హెచ్చిస్తే ₹16,57,530. ఇది పూర్తి అంగవైకల్యానికి. బొటనవేలు మొత్తం పోతే చట్టంలోని పట్టికలో 30 శాతం, అంటే ₹4,97,259. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, దాదాపు ₹2,32,000. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 శాతం. ఒక నెల దాటినా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. వేలికి యాభై వేలు ఇచ్చి పంపేస్తున్నప్పుడు ఈ అంకెలు మీ చేతిలో ఉండాలి.

డాక్టరు 40 శాతమే రాశారు. కానీ నేను ఇక నిచ్చెన ఎక్కలేను, బరువు ఎత్తలేను.

ఒంటికి ఎంత నష్టం అన్నది ఒక లెక్క, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరే లెక్క. పరిహారం రెండోదాని మీద నడుస్తుంది. ఒడిశాలో ఒక వడ్రంగి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో తేల్చింది. మీరు రోజూ ఏం పని చేసేవాళ్లు, అందులో ఏది ఇక చేయలేరు అన్నది డాక్టరు చేత రాయించండి. పేపరు మీద "లేబర్" అని మాత్రమే ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది.

కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. బోర్డు కూడా తీసేశాడు.

ఎవరి పని కోసం కాంట్రాక్టరు మిమ్మల్ని పెట్టుకున్నాడో ఆ ప్రధాన యజమాని మీద కేసు వేయవచ్చు. బెర్త్ నడిపే సంస్థ, స్టీవ్‌డోరు (ఓడ సరుకు ఎత్తి దించే సంస్థ), బొగ్గు తెప్పించిన కంపెనీ, వీళ్లలో ఎవరన్నది పని ఆర్డరుని బట్టి తేలుతుంది. తేలకపోతే అందరినీ పార్టీలుగా చేర్చండి. వాళ్లు కట్టి, ఆ డబ్బు కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటారు.

హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు నాదే. ఇక ఏమీ రాదా?

వస్తుంది. ఈ చట్టంలో మీ అజాగ్రత్త అడ్డు కాదు. మద్యం మత్తులో ఉండడం, చెప్పిన భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కవచాన్ని కావాలని తీసేయడం, వీటి వల్లే దెబ్బ తగిలిందని యజమాని నిరూపించాలి. అప్పుడు కూడా ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా పరిహారం ఆగదు. అసలు హెల్మెట్ ఇచ్చారా అన్నది ఎవరూ అడగరు. మీరు అడగండి.

ఎన్నాళ్లలోపు కేసు వేయాలి? లాయరుకి డబ్బు లేదు.

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు. దాటిపోతే ఎందుకు ఆలస్యమైందో రాసి ఇవ్వండి, కారణం సరైనదైతే అధికారి తీసుకోవచ్చు. దరఖాస్తు వేసేది విశాఖలోని కార్మిక శాఖలో పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర. ఉచిత లాయరు కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వచ్చిన డబ్బులో వాటా ఇస్తేనే కేసు పట్టుకుంటామనేవాళ్లకి దూరంగా ఉండండి.

## ప్రాణం పోతే

శవాన్ని ఊరికి పంపేస్తాం, డబ్బు ఇంటికి తెచ్చి ఇస్తాం అంటున్నారు.

పోస్టుమార్టం అయ్యాకే కదలండి. శవపంచనామా కాపీ, పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే తర్వాత డబ్బు రావడం చాలా కష్టం. మరణ పరిహారం చేతికి ఇవ్వకూడదు, అధికారి దగ్గరే జమ చేయాలి. మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప, చేతికి ఇచ్చినది పరిహారంగా లెక్కకి రాదు. లెక్క: నెల జీతంలో సగాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్లు, ₹15,000 అయితే ₹13,81,275. ఈఎస్‌ఐ ఉంటే దీని బదులు భార్యా పిల్లలకి నెలనెలా ఆశ్రిత భత్యం వస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. విశాఖ చుట్టూ తిరగలేం.

తిరగనక్కర్లేదు. మీరు ఉండే ఊరి పరిధిలోని అధికారి దగ్గరే వేయవచ్చు. ఒడిశా నుంచి వచ్చినవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఇంకేమైనా వచ్చే అవకాశం ఉందా?

బ్యాంకు పాస్‌బుక్ తీసి చూడండి. ఏడాదికి ₹20 కోత కనిపిస్తే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి ₹2 లక్షలు. పీఎఫ్ ఉంటే దాని బీమా ₹7 లక్షల దాకా, దానితో పాటు కుటుంబ పింఛను. ఇవి పరిహారానికి అదనం, ఒకటి తీసుకుంటే ఇంకొకటి తగ్గదు.

## ఏళ్లు గడిచాక

తువ్వాలు కట్టుకునే పనిచేశాను. అయినా ఆయాసం, నల్ల కళ్లె. టీబీ మందులు వాడినా తగ్గలేదు.

తడి తువ్వాలు కంటికి కనిపించే దుమ్మును ఆపుతుంది. ఊపిరితిత్తుల అడుగుకి చేరేది కంటికి కనిపించని సన్నపొడి, అది తువ్వాల్లోంచి దూరిపోతుంది. దానికి ముఖానికి గట్టిగా అతుక్కునే ఎన్95 రకం మాస్కు కావాలి, చెమటకి తడిస్తే మార్చాలి.

బొగ్గు ధూళి, అందులోని సిలికా కలిసి తెచ్చే జబ్బు ఎక్స్‌రేలో టీబీలా కనిపించవచ్చు. కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చినా మందులు వాడుతూ పోయేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి వెళ్లి, ఎన్నేళ్లు బొగ్గులో పనిచేశారో, హ్యాచ్‌లోనా యార్డులోనా అన్నది మీరే ముందుగా చెప్పండి. ఊపిరి పరీక్ష, ఛాతీ స్కాన్ అడగండి. సిలికోసిస్, ఆంత్రకో సిలికోసిస్ వృత్తి జబ్బుల పట్టికలో ఉన్నాయి, వాటికి పరిహారం ఉంది. ఆ జబ్బుతో పని మానేసిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తీసుకుంటారు.

వన్‌టౌన్ డాబాల మీద పడే మసి గురించి ఊరంతా మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. ఆ మసి లేచేచోటే పన్నెండేసి గంటలు నిలబడేవాళ్ల ఊపిరితిత్తుల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలని మా కోరిక.

వినికిడి తగ్గింది. ఇదీ లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, మోత వల్ల వచ్చే చెవుడు కూడా ఆ పట్టికలో ఉంది. ఆడియోగ్రామ్ చేయించండి.

పింఛను వస్తుందా?

సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ అంగవైకల్యం అని సర్టిఫికెట్ వస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకి ₹6,000. పరిహారం తీసుకున్నారని ఇది ఆగదు. సచివాలయంలో అడగండి.

గ్యాస్ మీటరు లేకుండానే దించుతున్నారు. ఫిర్యాదు చేస్తే నా గేట్ పాస్ ఆపేస్తారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. విశాఖలో డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరేట్ ఉంది, పోర్టు లోపలి పనిచోట్లని తనిఖీ చేసేది వాళ్లే. ఎవరు ఫిర్యాదు చేశారో ఇన్‌స్పెక్టరు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. పోస్టులో పంపవచ్చు, యూనియన్ పేరుతో పంపవచ్చు. ఏ బెర్త్, ఏ ఓడ, ఏ షిఫ్టు, ఏది లేదు అన్నది స్పష్టంగా రాయండి. ఓడ రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది కాబట్టి ఆ షిఫ్టులోనే పంపండి.